ఆరున్నొకటి

మా మేనత్త నోట ఏడు అనే అంకె మొన్నటి దాకా నేనెప్పుడూ వినలేదు. రాగులు కొలిచినా, వేరుశనగకాయలు కొలిచినా ఆమె లెక్క ఒకటే. మొదటి శేరుకు "లాభం" అంటుంది. తర్వాత రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాత "ఆరున్నొగటి". ఆ వెంటనే ఎనిమిది. ఏడు అంటే ఏడుపట. ఇంటికొచ్చిన గింజల మీద ఏడుపు మాట పడకూడదట. మా అవ్వ నేర్పిన పద్ధతి అది. మా వైపు పెద్దవాళ్ళు గింజలు కొలిచేటప్పుడు పాటించి, శేరు కింద పెట్టగానే మర్చిపోతారు. మా అత్త మాత్రం దాన్ని బతుకంతటికీ పాకించింది. పొద్దున ఆరున్నొకటి గంటలకు కాఫీ తాగుతుంది. వారానికి ఆరున్నొకటి దినాలు. ఏడుకొండలవాడని అనాల్సి వస్తుందని దేవుణ్ణి ఎప్పుడూ వెంకటరమణస్వామి అనే పిలుస్తుంది.

ఒకసారి మదనపల్లె బస్టాండులో దిగి, ఇంటి దారి అడగడానికి నాకు ఫోన్ చేయమని ఆటో అతనికి నా నంబరు నోటితో చెప్పింది. నా నంబరులో ఏడు రెండుసార్లు వస్తుంది. అతను ఆరు, ఒకటి అని నొక్కుకుంటూ పోయాడు. "ఏమవ్వా, ఊరోళ్ళ నంబర్లన్నీ ఒగ రకంగా ఉంటే మీ వాళ్ళది ఇంత పొడుగుండాదే" అన్నాడట. చివరికి నా జిరాక్సు అంగడి గుర్తులు చెప్పి వచ్చింది. వచ్చి, నాకు నంబరు మార్చుకోమని సలహా కూడా ఇచ్చింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ ఆరున్నొకటే మా ఇంట్లో ఒక మనిషిని జనాభా లెక్కలోంచి తప్పించిందని మా వాళ్ళంతా నమ్మారు. నేనూ నమ్మాను. ఆ మనిషి మా అత్తే.

మా తాతది పుంగనూరు పక్కన మెట్ట ఊరు. బావులు ఎండిపోయి మిగతా కాపురాలన్నీ రోడ్డు పక్కకు తరలిపోతే, గొర్రెలకు మేత బాగుందని మా తాత ఒక్కడే అక్కడ ఉండిపోయాడు. జనం లేని ఊరిని రెవెన్యూ వాళ్ళు బేచిరాకు అంటారు, దీపం పెట్టే దిక్కు లేనిదని. "నేనుండగా నా ఊరు బేచిరాకు ఎట్లయితాదిరా" అనేవాడట మా తాత. ఆయన, అవ్వ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఊరి జనమంతా అంతే. మా నాన్న పెద్దకొడుకు. అత్త అందరికంటే చిన్నది.

ఒక రోజు జనాభా లెక్కలు రాసే అయివారు ఆ ఊరికి వచ్చాడు. తాత గొర్రెల వెంట వెళ్ళాడు. అవ్వ వాకిట్లో కూర్చుని రాగులు కొలుస్తోంది. ఇంట్లో ఎంతమంది అని ఆయన అడిగాడు. చేతిలో శేరు, నోట్లో లెక్క. అవ్వ తల ఎత్తకుండా "ఆరున్నొగటి" అంది. ఆయన అరవ దేశం వైపు మనిషి. మన కొలతల భాష ఆయనకేం తెలుస్తుంది? ఆరు అని రాసుకుని పోయాడు. ఇది మా నాన్న చెప్పిన కథ. అప్పటికి బడికి పోయే పిల్లవాడు గనక, కాగితంలోకి తొంగి చూసి ఆరు అంకె కళ్ళారా చూశానని ప్రమాణం చేసేవాడు.

మరి తప్పిపోయిన ఆ ఒకటి ఎవరు? అందరికంటే చిన్నది, ఆ వేళకు వాకిట్లో లేనిది. ఆ రోజు నుంచి అత్త పేరు "లెక్కలో లేనిది" అయిపోయింది. పండక్కి బొబ్బట్లు పంచేటప్పుడు "లెక్కలో ఉన్నోళ్ళకు ముందు" అనేవాళ్ళు అన్నలు. పెళ్ళికి పోయే బస్సు దగ్గర "అందరూ ఎక్కినారా" అంటే, "లెక్కలో ఉన్నోళ్ళంతా ఎక్కినారు" అని జవాబు. అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా అత్తే నవ్వేది. అన్నల దగ్గర్నుంచి ఆ మాట మాకు అబ్బింది, మా దగ్గర్నుంచి మా పిల్లలకు.

అత్త చెప్పే కథ వేరు. "నాకు బాగా గుర్తుండాదప్పా. గొర్రెపిల్లల గుడిసెలో పండుకోనుంటి. ఒగాయన తలుపు కాడ వంగి నన్ను సూసినాడు. గుంజకు తారుతో ఏదో గీసినాడు. నేను ఏడిస్తి." ఆమెకు గుర్తున్న మొట్టమొదటి సంగతి అదే. అన్నలు ఒప్పుకునేవాళ్ళు కాదు. కల వచ్చి ఉంటుందనేవాళ్ళు. తారు వాసన కూడా గుర్తుందంటే, అది గొర్రెల మందు వాసన అనేవాళ్ళు. నలుగురు ఒక మాట అంటే ఒక్కతి ఏం చేస్తుంది? ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

పెళ్ళయిన కొద్ది కాలానికే మామ జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. అన్నలు ముగ్గురూ అత్తను తెచ్చుకున్నారు. అప్పటికి తాతా అవ్వా పోయారు, మా నాన్న మదనపల్లెలో, నడిపి చిన్నాయన పుంగనూరులో, చిన్న చిన్నాయన కుప్పంలో స్థిరపడ్డారు. అత్త ఎక్కడుండాలి అని ఎవరూ పంచాయితీ పెట్టలేదు, ఆమే తీర్పు చెప్పేసింది. ఎండాకాలం చల్లగా ఉంటుందని మదనపల్లె, వానలకు పుంగనూరు, చలికాలం కుప్పం. వైరుబుట్టలో నాలుగు చీరలు, తన రాగి చెంబు పెట్టుకుని, "నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందప్పా" అంటూ బస్సెక్కేది. మా నాన్న పోయాక కూడా మా ఇంటి వంతు పోలేదు. మా ఇంట్లో మార్కెట్టు యార్డు నుంచి వచ్చే పండు టమోటాలతో ఆమె పెట్టిన ఊరగాయ లేకుండా నా కొడుక్కి ముద్ద దిగదు. నా భార్యా ఆమే రోజూ పోట్లాడుకుంటారు. ఆమె కుప్పం వెళ్ళిన వారానికి నా భార్యే ఫోన్ చేసి, "ఎప్పుడొస్తాండావు" అని అడుగుతుంది.

పోయిన ఎండాకాలం టీవీలో మళ్ళీ జనాభా లెక్కలు రాస్తారని వార్త వచ్చింది. అత్త చింతపండు గింజ తీస్తూ వింటోంది.

"అబ్బోడా, పాత లెక్కలు యాడుంటాయిరా?"

"నీకెందుకత్తా?"

"నేనుండానో లేదో సూడల్ల."

"నువ్వు లెక్కలో లేనిదానివి గదా" అన్నాను. అలవాటు. నోటికి ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది.

ఆమె నవ్వలేదు. నా జన్మలో మొదటిసారి, ఆ మాటకు మా అత్త నవ్వలేదు. చింతపండు చేట పక్కకు జరిపి అంది:

"నవ్వినానని నొప్పి లేదనుకుంటిరారా మీరంతా? అందరూ ఉండారు, నేనొక్కదాన్నే లేను. మీ నాయన పోయె, మీ అవ్వ పోయె. అడిగేదానికి ఎవురూ లేకుండా పోతాండారు. సూసి చెప్పు. ఉంటే సరే. లేకుంటే ఈ తూరి నా పేరు యాడా రాయించొద్దు. మొదట లేనిదానికి కడాన యాల?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, ఈ సంగతి నా అంగడికి వచ్చే వాళ్ళందరికీ తెలుసు. "ఎవరో ఆరు రాస్తే ఇప్పుడు నీకేం పోయింది" అని కసిరాను. "పోయిన తూరి నన్ను ఏ ఇంట్లో రాసినారు?" అని అడిగింది. నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. పుంగనూరుకు ఫోన్ చేస్తే "కుప్పంలో రాసుంటారు" అన్నారు. కుప్పానికి చేస్తే "మీరు రాయించలేదా" అన్నారు. పెళ్ళిలో అందరూ వడ్డిస్తారనుకుని ఎవరూ వడ్డించకపోతే ఒక విస్తరి ఖాళీగా మిగిలిపోతుంది చూడండి, అలా అయింది. ఇక నా దగ్గర కోపం కూడా మిగల్లేదు.

"పోయి సూసి రాండి. అంగట్లో కొడుకుండాడు గదా, ఈగలు తోలేదానికి ఇద్దరెందుకు" అంది నా భార్య.

మదనపల్లె గ్రంథాలయానికి నేను ఉద్యోగాల ప్రకటనలు చూసుకునే వయసులో వెళ్ళేవాణ్ణి. ఇప్పుడూ అవే బల్లలు, పేపరులో ఒక షీటు ఇతని చేతిలో, ఇంకో షీటు అతని చేతిలో. గ్రంథాలయం చూసే మేడమ్ మా కోడలి వయసుంటుంది. పాత జనాభా లెక్కల్లో మా అత్త పేరు చూడాలని చెప్పాను.

"పేర్లుండవు సార్" అంది. "ఇంటింటికీ రాసుకున్న కాగితాలు లెక్క తేలినాక తీసేస్తారు. పుస్తకంలో ఏ ఊర్లో ఎంతమంది అని మాత్రం ఉంటాది."

"తీసేస్తారా? ఒక్క జిరాక్సు కాపీ అయినా పెట్టుకోరా?"

"ఆ కాలంలో జిరాక్సులు యాడ సార్" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళు జనం కాగితాలకు నకళ్ళు తీసి బతికినవాణ్ణి. ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలకు ఒక్క నకలు లేకపోవడం నాకు వ్యక్తిగతంగా అవమానం అనిపించింది. దేశం మీద నాలుగు మాటలు విసిరి బయటికొచ్చి, ఎదురుగా అంగట్లో టీ చెప్పాను.

టీ సగం తాగాక బుర్రకు తట్టింది. ఏ ఊర్లో ఎంతమంది అని ఉంటుంది. మా ఊర్లో ఉన్నదే ఒక్క ఇల్లు. అంటే ఊరి లెక్కే మా ఇంటి లెక్క. ఆరు ఉందంటే అత్త లేదు. ఏడు ఉందంటే అత్త ఉంది. పేరుతో నాకేం పని? మిగిలిన టీ అక్కడే పెట్టి లోపలికి పరుగెత్తాను. ఇందాక తిట్టి వెళ్ళినవాడు చేతులు కట్టుకుని తిరిగొస్తే మేడమ్‌కు సంగతి అర్థం కాలేదు. కథంతా చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విని, "మా జేజమ్మ గూడా శనక్కాయలు అట్లనే కొలుస్తాది సార్" అంది. మాకు కావలసిన పుస్తకం అక్కడ లేదు. పుంగనూరు గ్రంథాలయంలో పాతవి కొన్ని ఉన్నాయని ఫోన్ చేసి కనుక్కుని పంపింది.

పుంగనూరుకు వెళ్ళేసరికి వానలు మొదలయ్యాయి. అత్తకు అప్పటికే అక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది. అయినా ఆమెకు చెప్పలేదు. ముందు ఆశ పెట్టి తర్వాత లేదనడం నా వల్ల కాదు. నడిపి చిన్నాయనకు చెప్పాను. "పద, నేనూ వస్తా" అని చేతికర్ర తీసుకున్నాడు. దారంతా ఆయన ఎగతాళి ఆయనదే. "లేనిదాన్ని యాడని ఎదుకుతావురా? మీ నాయన సూసినాడు, ఆరు రాసినాడు."

పుస్తకం దొరికింది. జిల్లా మొత్తానిది, ఇంగ్లీషులో ఉంది, అట్ట లేదు. పుంగనూరు ఊళ్ళ పేజీలు వచ్చాయి. వరుసగా ఊర్ల పేర్లు. మా ఊరి పేరు కనిపించింది. ఇంగ్లీషులో వాళ్ళ ఇష్టం వచ్చినట్టు రాసినా మా ఊరే. వేలు పెట్టి పక్కకు జరిపాను. విస్తీర్ణం ఉంది. దాని పక్కన కాగితం లేదు. చెదలు అక్కడి నుంచి పేజీ చివరి దాకా తినేశాయి.

చిన్నాయన వంగి చూసి నవ్వాడు. "సూస్తివా? చెదలకు గూడా అది లెక్కలో లేదు."

"చాల్లే చిన్నాయనా" అన్నాను. గ్రంథాలయంలో పేపరు చదివేవాళ్ళంతా తలెత్తి చూశారు. "జీవితమంతా అదే మాట. ఆమె నవ్వుతుంటే మనకు బాగుంది. ఆమెకు బాగుందో లేదో ఒక్కడైనా అడిగాడా?"

ఆయన నాకు తండ్రి లాంటివాడు. అట్లాంటి గొంతుతో ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. బయట చూరు కింద వాన తగ్గే దాకా నిలబడ్డాం. అప్పుడు చిన్నాయన అన్నాడు. "దాన్ని ఏడిపీల్లని కాదురా. మీ మామ పోయినాంక అది నెలల తరబడి మాట్లాడలే. ఒగ రోజు నేను అన్నం పెడతా, ఆ పాత మాటే, లెక్కలో లేనోళ్ళకు కడాన అంటి. నవ్వింది. అంతే, ఇంగ వదల్లేకపోతిమి." మళ్ళీ ఆయనే అన్నాడు. "ఉండాదని తేలితే ముందు నాకు ఫోన్ చెయ్యి."

ఆ మాటతో నా కోపం వానలో కొట్టుకుపోయింది. ఇంటికి పోతూ ఆయనకు ఇష్టమైన కారం బొరుగులు కొనిచ్చాను. పళ్ళు లేకపోయినా తిన్నాడు.

ఆ తర్వాత అంగడి పనుల్లో పడి కొన్నాళ్ళు కదల్లేదు. చలికాలం వచ్చింది, అత్త కుప్పం చేరింది. మదనపల్లె మేడమ్ ఊరుకోలేదు. కుప్పంలో ఒక కాలేజీ గ్రంథాలయంలో ఆ పాత పుస్తకాలు కంప్యూటర్లో చూపిస్తారని కనుక్కుని, నా అంగడికే వచ్చి చెప్పింది. నేను పలమనేరు మీదుగా బస్సులో కుప్పం వెళ్ళాను. ఈసారి అత్త దగ్గర దాచలేకపోయాను. ముఖం చూసి కనిపెట్టేసింది.

"నేనూ వస్తా. ఉండానో లేదో నా ముందరే సెప్పల్ల."

ఇస్త్రీ చీర కట్టుకుంది. నీళ్ళకు తన రాగి చెంబు తెచ్చుకుంది. కాలేజీలో ఆమెను చూసి ఎవరి అవ్వో ఫీజు కట్టడానికి వచ్చిందనుకున్నారు. గ్రంథాలయాధికారి మంచివాడు, నెమ్మది మనిషి. తిరిగే కుర్చీ తెచ్చి వేశాడు. అది తిరుగుతుందని తెలియగానే అత్త దిగిపోయి, నిలబడే చూస్తానంది. చివరికి మామూలు కుర్చీ తెచ్చారు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆరు అని ఉంటే ఏం చెప్పాలి? అబద్ధం చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆమె పక్కనే కూర్చున్నాక అది నా వల్ల కాదని తెలిసిపోయింది.

తెర మీద పేజీలు జరిగాయి. మా ఊరి పేరు వచ్చింది. విస్తీర్ణం. దాని పక్కన ఇంకేదో. తర్వాత జనం.

ఆ అంకె మీద వేలు పెట్టాను. "అత్తా, ఆరున్నొకటి ఉండాది" అన్నాను.

"మళ్ళా సెప్పు."

"ఆరున్నొకటి. నువ్వుండావు."

ఆమె నా మోచెయ్యి వదిలి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. తలూపుతూ ఉండిపోయింది. నేనైతే ఆ గ్రంథాలయాధికారి చెయ్యి పట్టుకుని ఊపేశాను. పాపం, ఆయనకు సగం కథే తెలుసు.

అప్పుడు చూశాను, జనం అంకెకు ముందున్న అంకెను. ఇందాక కంగారులో దాటేశాను. ఊర్లో కాపురాలు: రెండు.

"ఇదేంది, తప్పుండాదే" అన్నాను. "ఉన్నది మా ఇల్లు ఒక్కటే గదా."

"అచ్చుతప్పు అయి ఉండొచ్చు సార్" అన్నాడాయన.

"ఎన్ని రాసినారు?" అని అత్త అడిగింది. రెండని చెప్పాను. ఆమె తెర వైపే చూస్తూ కూర్చుంది. ఏదో కూడుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"తారు" అంది చివరికి.

"ఏం తారత్తా?"

"గుడిసె గుంజకు గీసిన తారు. మా అమ్మ ఆరున్నొగటి అనింది. ఆరు సరే, ఆ ఒగటి యాడ అని ఆయన అడిగుంటాడు. మా అమ్మ శేరు చేత్తో పట్టుకోని, గడ్డంతో గుడిసె పక్క సూపించుంటాది. నేను ఆడ గొర్రెపిల్లల కాడ పండుకోనుంటి గదా. ఆయన వచ్చి సూసి, ఇది వేరే ఇల్లనుకున్న్యాడు. ఇంటికి నంబరేసినట్ల దానికీ నంబరేసినాడు."

మా నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయన చూసిన కాగితంలో ఆరే ఉంది. ఆ అయివారు మిగిలిన ఒకటిని గుడిసె దగ్గర నిలబడి రాసుకున్నాడు. అక్కడ తొంగి చూడ్డానికి ఎవరూ లేరు. అత్త కల అనుకున్నది కల కాదు. గొర్రెల మందు వాసన కాదు, తారే.

"అంటే" అంది అత్త, "నాకొగ ఇల్లు రాసినాడు."

"రాసినాడు."

"నేనొక్కదాన్నే."

"నువ్వొక్కదానివే. ఒక కాపురం."

"ఎంత కాలం ఉండింది ఆ ఇల్లు?"

ఏం చెప్పాలి? "మళ్ళా లెక్కలు రాసేదాకా అదే లెక్కత్తా. పది సంవత్సరాలు" అన్నాను.

అప్పుడు నవ్వింది మా అత్త. చెంబులో నీళ్ళు ఒలికేంతగా నవ్వింది. "పది సంవత్సరాలు నాకు సొంత ఇల్లుండింది. ఒగరైనా సెప్పకపోతిరే. తెలిసుంటే మీ నాయనను ఆ గుడిసెలోకి రానిస్తానా?" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెళ్ళయిన ఇల్లు నిలవలేదు. తర్వాత ఆమె ఏ ఇంట్లో ఉన్నా అది అన్నల ఇల్లే. ఎవరూ ఆమెను పరాయిగా చూడలేదు, నిజమే. అయినా తన ఇల్లు అని ఆమె నోట నేను విన్నది ఆ రోజే. అది గొర్రెపిల్లల గుడిసె, అదీ ఒకాయన పొరపాటున రాసింది.

నేను పుంగనూరుకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. చిన్నాయన అంతా విన్నాడు. తర్వాత, "ఫోన్ దానికియ్యి" అన్నాడు. ఇచ్చి నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఏమన్నాడత్తా?" అని తర్వాత అడిగాను.

"ఇంగెప్పుడూ అట్ల అననులేమ్మా అన్నాడు. అనమంటి. అనకుంటే వానికీ తోచదు, నాకూ తోచదు."

ఆ పేజీకి కాగితం మీద నకలు తీయించుకున్నాను. సిరా పలచగా ఉందని కాలేజీ ప్రింటరును రెండు మాటలన్నాను, వృత్తి ధర్మం గనక. అత్త ఆ కాగితాన్ని చీరల మధ్య పెట్టుకుంది.

అప్పటి నుంచి మాకు వేధింపు మొదలైంది. ఏ మాట మొదలెట్టినా "నా ఇంట్లో అయితే" అంటుంది. నా భార్య పప్పులో ఉప్పు తక్కువ వేస్తే, "నా ఇంట్లో ఇట్ల జరగదు." కరెంటు పోతే, "నా ఇంట్లో కరెంటు బాధే లేదు." నా భార్య తక్కువదా? "నీ ఇంట్లో గొర్రెపిల్లలు పప్పు తినవు గదా" అంటుంది. ఇద్దరూ కలిసి పడీ పడీ నవ్వుతారు.

కానీ ఒక మాట మాత్రం నన్ను పట్టుకుంది. "ఈ తూరి లెక్కలోళ్ళు రానీ. నా ఇల్లు నేను వేరే రాయించుకుంటా" అనేది. ఎగతాళికే అంటోందనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. ఒకసారి రుచి చూసిన మనిషి, మళ్ళీ కావాలనుకుంటే తప్పేముంది? వీధి వైపు తలుపున్న మా ముందు గదిలో జిరాక్సు కాగితాల కట్టలు ఉండేవి. అవి తీయించి, సున్నం వేయించి, అక్కడ ఆమె మంచం వేశాను. "ఇది నీదే అత్తా. ఇంకో ఊరికి ట్రాన్స్‌ఫర్ వద్దు, ఇక్కడే ఉండిపో. కావాలంటే వేరే ఇల్లనే రాయించుకో, నేనేమీ అనుకోను" అన్నాను. అనుకుంటానని నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది. "సూస్తాం" అంది.

ఈ ఎండాకాలం లెక్కలు రాసే టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితాలు లేవు, ఫోన్లోనే రాసుకుంటోంది. అరుగు మీద కుర్చీ వేశాం, మజ్జిగ ఇచ్చాం. అత్త తన గది గడప మీద చింతపండు చేటతో కూర్చుని ఉంది. టీచరమ్మ గోడలు, కప్పు, నీళ్ళు, అన్నీ అడిగి రాసుకుంది. తర్వాత అడిగింది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?"

నేను, నా భార్య, కొడుకు, కోడలు, మనవడు, మనవరాలు. ఆ తర్వాత? అత్త ఏమనుకుందో తెలియకుండా నేనెట్లా చెప్పాలి? ఆమె వైపు చూశాను. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు.

"ఆరున్నొగటి" అంది.

టీచరమ్మకు అర్థం కాలేదు. మా అత్తనూ, ఆమె కూర్చున్న గడపనూ, వీధి వైపు విడిగా ఉన్న తలుపునూ చూసింది. "ఆరుమందా అమ్మా? ఆ ఒకరు మీరా? మీది వేరే కాపురమా?" అని అడిగింది. అంత విడమరచి ఇంతవరకు మా అత్తను ఎవరూ అడిగి ఉండరు. నా భార్య వంటింటి తలుపు దగ్గర ఆగిపోయింది.

అత్త చింతగింజ పక్కన పడేసి, చేతులు తుడుచుకుంది.

"వేరే యాల తల్లీ? ఒగే పొయ్యి, ఒగే ఇల్లు" అంది. "ఏడు. ఏడని రాసుకోమ్మా."

ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. టీచరమ్మ ఏడు అని నొక్కింది. నేను మజ్జిగ గ్లాసు తీసే నెపంతో లోపలికి వెళ్ళి, వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ అంకె పలికితే ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తారని మా అవ్వ చెప్పింది ఊరికే కాదు.